మడత పడని పేరు

నేను ఓటు వెయ్యడానికి వెళ్ళలేదు. కర్టెన్లు ఇవ్వడానికి వెళ్ళాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

మాది బట్టలుతికి ఇస్త్రీ చేసే షాపు. ముందు కౌంటరు, వెనక రెండు వాషింగ్ మిషన్లు, మధ్యలో నా ఇస్త్రీ బల్ల. పద్దెనిమిదేళ్ళుగా ఆ బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. మనుషుల మొహాలు మర్చిపోతాను గానీ కాలరు చూపిస్తే ఎవరిదో చెప్పేస్తాను. మా ఆయన బస్సు నడుపుతాడు. నా నోరు నా ఇస్త్రీపెట్టె కంటే వేడి అంటుంటాడు. అననీ, నాకేం.

ఆ రోజు స్కూలు వాళ్ళ కర్టెన్లు తయారయ్యాయి. సెలవే అయినా వాచ్‌మన్ ఉంటాడు కదా అని మూట భుజాన వేసుకుని వెళ్ళాను. వాచ్‌మన్ లేడు. మొదటి గదిలో ఫ్యాను కింద కళ్ళద్దాల క్లర్కు ఒకడు కూర్చుని ఉన్నాడు. అతని ముందు తాళం వేసిన చిన్న పెట్టె, పక్కన అట్టలు నిలబెట్టి చేసిన మరుగు. నన్ను చూడగానే ఇంటికి చుట్టం వచ్చినంత సంబరపడ్డాడు.

"రండమ్మా, రండి. పొద్దున్నుంచి ఒక్క పురుగు కూడా రాలేదు."

"నేను ఓటుకి రాలేదు బాబూ. కర్టెన్లు ఎక్కడ పెట్టాలి?"

"ఆ మూలన పెట్టండి. ఎలాగూ వచ్చారు, ఓటు కూడా వేసి వెళ్ళండమ్మా. ఒక్కటైనా పడకపోతే ఎందుకు పడలేదో నేను నాలుగు పేజీలు రాసివ్వాలి."

"దేనికి ఓటు?"

"కాలువ సంఘం సభ్యుడికి."

"ఏం చేస్తాడు ఆ సభ్యుడు?"

క్లర్కు తల గోక్కున్నాడు. "కాలువ చూసుకుంటాడేమో అమ్మా. నాది వేరే ఆఫీసు. ఇవాళ్టికి ఇక్కడ డ్యూటీ వేశారు."

జాలేసింది. జాబితాలో సంతకం పెట్టి, చీటీ తీసుకుని మరుగులోకి వెళ్ళాను. మూడు పేర్లున్నాయి. ముగ్గురిలో ఒక్కడినీ ఎరగను. ఆ చీటీని ఎవరో అడ్డదిడ్డంగా మడిచారు. ఒక మడత పై పేరు మీదుగా, ఇంకోటి కింది పేరు మీదుగా పోయింది. మధ్యలోని పేరొక్కటే నున్నగా, ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంది. చెయ్యి దానంతట అదే అటు పోయింది. ముద్ర గుద్దేసి, చీటీ పెట్టెలో వేసి, ఇంటికొచ్చేశాను. నిజం చెప్తున్నాను, ఆ పేరేమిటో వీధి మలుపు తిరిగేసరికే మర్చిపోయాను.

తొమ్మిది రోజుల తరువాత అతను వచ్చాడు.

మిట్టమధ్యాహ్నం. ఆ రోజు నా ఒళ్ళు ముందే మండిపోతోంది. పల్లపు వీధిలో ఉండే మా అక్క, తన దుప్పట్లు వేరే షాపుకి పంపుతోందని పొద్దున్నే ఎవరో కబురు మోసుకొచ్చారు. మా అక్కకీ నాకూ అప్పటికి నాలుగు నెలలుగా మాటల్లేవు. చివరి రోజున అమ్మ అక్క ఇంట్లోనే ఉంది. పరిస్థితి బాగాలేదని అక్క నాకు ఫోన్ చెయ్యలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది. "నిద్రపోతోంది కదా, నిన్నెందుకు కంగారు పెట్టడం అనుకున్నానే" అంది అక్క. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. దాని గుమ్మం తొక్కనని అక్కడే నిలబడి ఒట్టేశాను.

ఆ కోపంలో ఒక చొక్కా కాలరు మాడ్చాను. సరిగ్గా అప్పుడే కౌంటరు ముందు మనిషి నిలబడి ఉన్నాడు. తలుపు చప్పుడు నాకు వినపడలేదు.

"మీరే నాకు ఓటు వేశారు," అన్నాడు.

"ఎవరండీ మీరు?"

"కాలువ సంఘం సభ్యుణ్ణి. మొత్తం పడింది ఒక్క ఓటు. జాబితాలో సంతకం ఉన్నది మీ ఒక్కరిదే."

నవ్వొచ్చింది. నవ్వుతూనే అతని చొక్కా చూశాను. నవ్వు ఆగిపోయింది. తెల్ల చొక్కా. మోచేతి దగ్గర ఒక్క ముడత లేదు. ఎంత బాగా ఇస్త్రీ చేసినా సరే, తొడుక్కున్న అరగంటకి మోచేతి వంపు దగ్గర, నడుము దగ్గర, చంక దగ్గర ముడతలు పడి తీరాలి. పడకపోతే ఆ మనిషి తొడుక్కున్నప్పటి నుంచి చెయ్యి వంచలేదన్నమాట. అలాంటిది, అతను నా కళ్ళముందే చెయ్యి వంచి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అయినా బట్ట ముడత పడలేదు.

"ఒక విషయం అడగాలి. వేసినవాళ్ళని అడగడం నియమం. నీళ్ళు పెరిగితే ఎడమ గేటు తియ్యమంటారా, కుడి గేటా?"

"నీళ్ళేమిటి, గేటేమిటి?"

"కాలువకి రెండు గేట్లున్నాయండి. ఎడమది తీస్తే నీళ్ళు పల్లపు వీధికి పోతాయి. కుడిది తీస్తే కలప డిపో వెనక వీధికి."

పల్లపు వీధి పేరు వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎడమవైపే వదలండి. అక్కడ కొందరికి ఒళ్ళు తడిస్తేగాని బుద్ధి రాదు," అన్నాను. మోరీ కాలువ సంగతేదో అడుగుతున్నాడనుకున్నాను. మహా అయితే గుమ్మం ముందు బురద అవుతుంది, అక్క చీపురు పట్టుకుని తిట్టుకుంటుంది, అంతే కదా అనుకున్నాను.

అతను శ్రద్ధగా రాసుకున్నాడు. "ఎడమ," అని చదివి వినిపించాడు. నేను తలూపాను. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం వాన మొదలైంది. మొదటి రెండు రోజులూ బాగానే ఉంది, బట్టలు ఆరక జనం మిషన్‌లో ఆరబెట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చారు. నాలుగో రోజుకి వీధి చివర కాలువ చప్పుడు షాపులోకి వినపడసాగింది. ఆరో రోజు మధ్యాహ్నం రెండు దాటాక, బయట చూరు కిందుగా నడిచొచ్చి అతను మళ్ళీ కౌంటరు ముందు నిలబడ్డాడు. గొడుగు లేదు. చొక్కా పొడిగా ఉంది.

"మూడింటికి ఎడమ గేటు తీస్తున్నానండి. మీకు చెప్పడం నియమం."

"తీస్తే ఏమవుతుంది?" అన్నాను. ఈసారి నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"కింది అంతస్తులు మునుగుతాయి."

"అంటే... జనం ఉంటారు కదండీ!"

"ఉంటారండి," అన్నాడు. ఔననడం తప్ప అందులో ఇంకేమీ లేదు. జాలీ లేదు, కోపమూ లేదు.

మా అక్కది కింది అంతస్తు. అదొక్కటే కాదు. మా బావ పక్షవాతంతో రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. మనిషి భారీ. పక్క మీద ఇటు నుంచి అటు తిప్పడానికే ఇద్దరు కావాలి.

షాపు తెరిచి ఉండగానే పరిగెత్తాను. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. అక్క తలుపు తీసి, నన్ను నెత్తి నుంచి కాళ్ళదాకా చూసింది.

"నాలుగు నెలల తరువాత రావడానికి నీకు వానే దొరికిందా?"

"అక్కా, వాదించకు. బావని లేపు. ఇల్లు ఖాళీ చెయ్యాలి. గేటు తీస్తున్నారు."

"ఏం గేటే?"

"కాలువ గేటు. కాలువ సంఘం సభ్యుడని ఒకడున్నాడు. వాడే తీస్తున్నాడు."

"కాలువ సంఘమా? అలాంటిదొకటి ఉందా?" అక్క నవ్వింది. "నీకెవరు చెప్పారు ఇవన్నీ?"

"వాడే చెప్పాడు. వాడికి ఓటేసింది నేనే."

"నువ్వా? ఎవడని వేశావు?"

లోపల మంచం మీద నుంచి బావ నన్ను చూస్తున్నాడు. మాట రాదు గానీ అన్నీ అర్థమవుతాయి ఆయనకి. కుడిచెయ్యి కొంచెం ఎత్తి పలకరించాడు. మంచం కాళ్ళు జానెడు ఎత్తు ఉంటాయంతే.

"ఆయన్ని ఈ వానలో ఎక్కడికని మోసుకుపోనే? నీ భుజాన వేసుకుపోతావా?" అంది అక్క. వెటకారంగానే మొదలుపెట్టింది గానీ, నా మొహం చూసేసరికి దాని గొంతులో కూడా తేడా వచ్చింది. "ఏమైందే నీకు? కాళ్ళకి చెప్పులు కూడా లేవు."

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నేను వెనక్కి తిరిగి కాలువ గట్టు మీదికి పరిగెత్తాను.

గేట్ల దగ్గర ఒంటిగది ఒకటుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, పాత సామాను గది అనుకునేదాన్ని. తలుపు తెరిచే ఉంది. లోపల ఒక కుర్చీ, బల్ల మీద ఒక రిజిస్టరు, గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన పెద్ద ఇనుప చక్రం. అతను చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. కిటికీ అవతల నీళ్ళు గట్టు అంచు దాకా వచ్చి, ఎర్రగా, చప్పుడు లేకుండా సాగుతున్నాయి. ఆ చప్పుడు లేకపోవడానికే నాకు భయమేసింది.

"మార్చండి. ఎడమది వద్దు," అన్నాను రొప్పుతూ.

"మార్చొచ్చండి. వేసినవాళ్ళందరూ ఒప్పుకోవాలి. అందరూ అంటే మీరే కదా."

"రెండూ మూసే ఉంచండి!"

"మూసి ఉంచితే గట్టు తెగుతుంది. అప్పుడు ఊరంతా పోతుందండి."

"పోనీ రెండూ కాస్త కాస్త తియ్యండి."

"ఒకటే చక్రమండి. ఇటు తిప్పితే ఎడమ, అటు తిప్పితే కుడి."

ఏడుపొచ్చింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను. చేతికింద రిజిస్టరు తెరిచి ఉంది. ఒక్కో ఎన్నికకి ఒక్కో పేజీ. పేజీకి మూడు పేర్లు, వాటి పక్కన పడిన ఓట్లు. సున్నా, ఒకటి, సున్నా. పేజీ తిప్పాను. సున్నా, ఒకటి, సున్నా. ఇంకా వెనక్కి తిప్పాను. కాగితం పసుపురంగులోకి మారింది, సిరా మారింది, రాత మారింది. మధ్య పేరు మాత్రం మారలేదు. అదే పేరు. చదివాను, కళ్ళు పక్కకి తిప్పేసరికి మళ్ళీ మర్చిపోయాను.

"ప్రతిసారీ మీరేనా?" అన్నాను.

"చీటీలు ప్రతిసారీ అలాగే మడుస్తారండి. ఎవరో ఒకరు వస్తారు."

పారిపోవాలనిపించింది. కానీ పారిపోతే పుస్తకంలో ఉన్నది ఎడమ. మంచం మీద నుంచి చెయ్యి ఎత్తిన బావ కళ్ళముందు కదిలాడు.

"కుడివైపు ఎవరుంటారు?"

"ఇరవై రెండు ఇళ్ళు."

"ఎవరని అడుగుతున్నాను! పిల్లలా, ముసలివాళ్ళా, ఎవరు?"

"నాకు తెలీదండి."

"వాళ్ళకి చెప్పారా?"

"వాళ్ళెవరూ నాకు ఓటు వెయ్యలేదు. చెప్పే నియమం లేదు." అతను కిటికీలోంచి నీళ్ళ వంక చూశాడు. "ఇంకో పన్నెండు నిమిషాలు ఆగొచ్చు. ఏ వైపో చెప్పండి."

డిపో వెనక వీధిలోకి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడి వాళ్ళ బట్టలు నా షాపుకి రావు. వాళ్ళ కాలర్లు నాకు తెలీవు. మా బావ కాలరు తెలుసు. ఎందుకు చెప్పానో అడగకండి. మీరైతే ఏం చెప్పేవారో నన్ను చెప్పమనకండి.

"కుడి," అన్నాను.

అతను పుస్తకం తీసి ఎడమ కొట్టేసి, కుడి అని రాసి, చదివి వినిపించాడు. నేను తలూపాను. అదే తల, అదే ఊపు.

డిపో గోడ దాటి ఆ వీధిలోకి పరిగెత్తాను. "నీళ్ళొస్తున్నాయి! మేడెక్కండి! బయటికి రండి!" అని గొంతు చించుకుని అరిచాను. వాన మోతలో సగం మాటలు నాకే వినపడలేదు. ఒకాయన కిటికీ తీసి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పిల్లల్ని ఎత్తుకుని ఇద్దరాడవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళని చూసి ఇంకొందరు వచ్చారు. నేను అరచేతులతో తలుపులు బాదుకుంటూ పోయాను. తాళాలు వేసి ఉన్న ఇళ్ళు వదిలేశాను, ఎవరూ లేరు కదా అని. వీధి చివరి మెట్లు ఎక్కుతుండగా వెనక నుంచి చల్లటి గాలి ఒకటి కొట్టింది. తిరిగి చూసేసరికి వీధి లేదు. కిటికీల ఎత్తున నీళ్ళున్నాయి.

మర్నాడు అతను వచ్చాడు. అదే చొక్కా.

"పని పూర్తయిందండి. కుడివైపు ముగ్గురు. మీకు చెప్పడం నియమం."

"ముగ్గురేమిటి?" అన్నాను, తెలిసి తెలిసీ. అతను పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ నేనే అడిగాను. "ఎడమవైపు తీసి ఉంటే ఎంతమంది పోయేవాళ్ళు?"

"తియ్యని గేటుకి లెక్క ఉండదండి," అన్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరువాత గట్టు మీది గదికి రెండుసార్లు వెళ్ళాను. తాళం వేసి ఉంది.

వాన వెలిశాక అక్క దుప్పట్ల మూట పట్టుకుని నా షాపుకే వచ్చింది. కౌంటరు మీద మూట పడేసి, నా బుగ్గ గిల్లింది. "చూశావా, మా వీధిలో చుక్క నీళ్ళు రాలేదు. ఊరికే ఊరంతా ఒకటి చేశావు. మీ బావ అయితే నిన్ను తలుచుకుని ఇప్పటికీ నవ్వుతున్నారే," అంది. తరువాత గొంతు తగ్గించి, "ఆ రోజు అమ్మ సంగతి నీకు ఫోన్ చెయ్యాల్సింది. నాదే తప్పు," అంది. ఆ మాట కోసం నేను నాలుగు నెలలు ఎదురుచూశాను. విని, అక్కని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ కోసమే అనుకుంది పాపం.

అక్క వెళ్ళిన గంటకి ఇంకొకావిడ వచ్చింది. నా ఈడుదే. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. సంచిలోంచి బురదతో అట్టగట్టుకుపోయిన మగ చొక్కా ఒకటి తీసి, జాగ్రత్తగా కౌంటరు మీద పరిచింది.

"ఇది తెల్లదమ్మా. మళ్ళీ తెల్లగా వస్తుందా? రేపు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఆయన్ని ఇస్తారట, తొడగాలి. ఉన్నవాటిలో ఇదొక్కటే మంచిది."

నేను ఆ బురద వంక చూశాను. "మీరు... డిపో వెనక వీధా?"

"అవును. మా ఆయనది రాత్రి డ్యూటీ. పగలు పడుకుంటాడు. ఎవరైనా తలుపు కొడితే నిద్ర చెడుతుందని నేనే బయట తాళం వేసి పనికి పోతాను. రోజూ అంతే." ఆవిడ ఏడవలేదు. ఏడుపంతా ఎప్పుడో అయిపోయిన గొంతు అది. "ఎవరో మహాతల్లి వీధంతా అరుచుకుంటూ తిరిగిందట. ఆవిడ లేకపోతే ఇంకా ఎంతమంది పోయేవాళ్ళో అంటున్నారు."

నేను చొక్కా కాలరు పట్టుకుని చూస్తున్నాను. లోపలివైపు కుట్టు ఊడితే చేత్తో వేసిన కుట్లున్నాయి. చిన్న చిన్న కుట్లు, ఓపిగ్గా వేసినవి.

"గేటు తీసేవాడికి ఎన్నిక జరిగిందటమ్మా," అంది ఆవిడ. "ఓటుకి రమ్మని నాకూ చీటీ వచ్చింది. ఏదో కాలువ సంఘం, మనకెందుకులే అని చింపి పారేశాను. ఆ రోజు నాకు సెలవు కూడా. మంచం మీద పడుకుని ఉన్నాను. మొత్తం ఒక్కటంటే ఒక్కటే ఓటు పడిందట. నేనూ వెళ్ళి ఉంటే, మా వీధివాళ్ళం నలుగురం వెళ్ళి ఉంటే..." అని ఆగిపోయింది. తన మెడ తనే నొక్కుకుంటున్నట్టుంది ఆ మాటలతో.

నేను చూడలేకపోయాను. "ఆ ఓటు నాదే," అన్నాను.

ఆవిడ తలెత్తింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. కౌంటరు మీదుగా వంగి, బురద అంటిన తన చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొక్కదానివైనా వెళ్ళావు. మంచిపని చేశావు తల్లీ. మేమందరం ఇంట్లో కూర్చున్నాం."

మిగతాది చెప్పాలని నోరు తెరిచాను. కుడి అన్నది నేనే, ఆవిడ వేసిన తాళం చూసి దాటిపోయింది నేనే అని. పద్దెనిమిదేళ్ళుగా ఈ కౌంటరు వెనక నా నోటికి భయపడనివాళ్ళు లేరు. ఆ నోటి నుంచి ఒక్క మాట రాలేదు. నేను పిరికిదాన్ని. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఎప్పటికి ఇస్తావమ్మా?" అని అడిగింది.

"సాయంత్రం ఐదింటికి రండి," అన్నాను.